ఒకే గాయకుని పాటల క్యాసెట్టు

ఒకే గాయకుని పాటల క్యాసెట్టు అనగా, తనకు అభిమానమైన ఒక్క గాయకుడు లేదా గాయని పాడిన పాటలను వేర్వేరు రికార్డుల నుండి, రేడియో నుండి, ఇతర క్యాసెట్ల నుండి ఏరి, ఖాళీ క్యాసెట్టుపై తాను కోరిన వరుసలో శ్రోత నమోదు చేసుకొన్న (లేదా చేయించుకొన్న) సంకలనం. ఆంధ్ర ప్రదేశ్‌లో ముఖ్యంగా 1980, 1990 దశకాలలో ఈ అలవాటు విస్తృతంగా ఉండేది. దీనికి ప్రత్యేకమైన పేరేదీ స్థిరపడలేదు. "ఘంటసాల క్యాసెట్టు", "సుశీల క్యాసెట్టు" అని గాయకుల పేర్లతోనే వ్యవహరించేవారు. ఈ వ్యాసంలో ఘంటసాల వెంకటేశ్వరరావు (1922 - 1974) పాటల క్యాసెట్లను ప్రధాన ఉదాహరణగా తీసుకోవడమైనది.

నేపథ్యం

ఘంటసాల పాటలు అధిక భాగం నిమిషానికి 78 చుట్లు తిరిగే గ్రామఫోను రికార్డులపై వెలువడ్డాయి. ఈ రికార్డులో ఒక్కొక్క వైపు మూడు, మూడున్నర నిమిషాల పాట మాత్రమే పట్టేది. తరువాత వచ్చిన లాంగ్ ప్లే రికార్డులపైన కూడా సినిమా పాటలను సాధారణంగా సినిమా పేరుతోనే కూర్చేవారు. అందువలన మల్లీశ్వరి (1951), దేవదాసు (1953), మాయాబజార్ (1957) పాటలను వరుసగా వినాలనుకొన్న శ్రోత మాటిమాటికి లేచి రికార్డు మార్చవలసి వచ్చేది. రేడియోలో ఏ పాట ఎప్పుడు వచ్చునో వినేవాని చేతిలో లేదు. గాయకుని గొంతు ఇరవై, ముప్పై ఏళ్ళలో ఎట్లు మారినదో ఒకే కూర్చోవడంలో వినే వీలు సామాన్య శ్రోతకు క్యాసెట్టుతోనే కలిగింది.

ఫిలిప్స్ సంస్థ 1963లో బెర్లిన్ రేడియో ప్రదర్శనలో క్యాసెట్టును ప్రవేశపెట్టింది. దీనిని రూపొందించిన బృందానికి లూ ఒటెన్స్ నాయకుడు. ఇందులోని టేపు వెడల్పు 3.81 మిల్లీమీటర్లు, నడిచే వేగం సెకనుకు సుమారు 4.76 సెంటీమీటర్లు. భారతదేశంలో క్యాసెట్టు ఇంటింటికీ చేరినది 1980 దశకంలో. గల్ఫ్ దేశాలకు పనికై వెళ్ళినవారు తెచ్చిన జపాను టేప్ రికార్డర్లు, రేడియో కలిసిన "టూ ఇన్ వన్"లు ఇందుకు చాలావరకు తోడ్పడ్డాయి.

రికార్డు కంపెనీలు కూడా ఘంటసాల పాటల సంకలనాలను క్యాసెట్లుగా విడుదల చేశాయి. ఆయన మరణానంతరం విడుదలైన భగవద్గీత క్యాసెట్టు లేని ఇల్లు అరుదు. కాని కంపెనీ సంకలనాలలో ప్రజాదరణ పొందిన పాటలే మళ్ళీ మళ్ళీ కనిపించేవి. అభిమానులు సొంతంగా క్యాసెట్లు కూర్చుకోవడానికి ముఖ్య కారణం ఇదే.

ఎంపికలోని చిక్కులు

ఖాళీ క్యాసెట్లలో సి-60, సి-90 రకాలు ఎక్కువగా వాడుకలో ఉండేవి. సి-60లో ఒక్కొక్క వైపు 30 నిమిషాలు. పాత పాటలైతే వైపుకు ఎనిమిదో తొమ్మిదో పట్టును. వేల పాటలు పాడిన గాయకుని నుండి పదహారు, పదిహేడు పాటలు ఏరడం అంత తేలికైన పని కాదు. జగదేకవీరుని కథ (1961) లోని "శివశంకరీ" వంటి దీర్ఘమైన పాటను చేర్చినచో రెండు పాటలను వదులుకోవలసి వచ్చేది. వైపు చివర రెండు నిమిషాలు మిగిలినప్పుడు పాట పట్టదు గనుక, పద్యమొకటి వెతికి అక్కడ చేర్చేవారు. ఈ విధంగా పౌరాణిక చిత్రాల పద్యాలు అనేక క్యాసెట్లలో చోటు సంపాదించుకొన్నాయి. కొందరైతే ఒక వైపు ఎన్.టి.రామారావుకు పాడినవి, మరొక వైపు అక్కినేని నాగేశ్వరరావుకు పాడినవి చేర్చేవారు. గాయకుని ప్రతిభ తెలిసేది ఈ అమరికలోనే అని చెప్పవచ్చును.

యుగళగీతాల విషయంలో అభిప్రాయభేదాలు ఉండేవి. లీల, జిక్కి, సుశీలలతో పాడిన పాటలు "ఘంటసాల పాటలు" అగునా అన్నది మొదటి ప్రశ్న. ఆయన స్వరపరచి ఇతరుల చేత పాడించిన పాటల సంగతి ఏమిటన్నది రెండవది. లవకుశ (1963) లో లీల, సుశీల కలిసి పాడిన పాటలను ఘంటసాలే స్వరపరిచాడు. గాయకునిపై అభిమానం గలవారు వాటిని వదలివేసేవారు, సంగీత దర్శకునిపై అభిమానం గలవారు చేర్చుకొనేవారు. ఎ.ఎం.రాజా వంటి గాయకునికి ఈ ఇబ్బంది తక్కువ. విప్రనారాయణ (1954), మిస్సమ్మ (1955), తానే సంగీతం కూర్చిన పెళ్ళికానుక (1960) పాటలతోనే చక్కని క్యాసెట్టు తయారయ్యేది.

పాటల జాబితా తయారీకి సినిమాహాళ్ళ వద్ద అమ్మే పాటల పుస్తకాలు ఉపయోగపడేవి.

నమోదు చేసే విధానం

క్యాసెట్టు మొదట్లో కొన్ని సెకన్ల పాటు అయస్కాంత పూత లేని పారదర్శకమైన టేపు ఉంటుంది. దీనిపై ధ్వని నమోదు కాదు. ఈ సంగతి తెలియనివారి క్యాసెట్లలో మొదటి పాట పల్లవి సగంలో ప్రారంభమయ్యేది. తెలిసినవారు పెన్సిలును చక్రంలో దూర్చి, ముదురు రంగు టేపు కనబడే వరకు త్రిప్పి, అప్పుడు నమోదు మొదలుపెట్టేవారు. పాటకు పాటకు మధ్య "పాజ్" మీట నొక్కి రికార్డు మార్చేవారు. రికార్డుకు రెండు వైపులా సాగిన పాటను అతుకు తెలియకుండా కలపడం నేర్పరులకే సాధ్యమయ్యేది.

యంత్రాల వేగంలో తేడా వలన శ్రుతి మారిపోవడం తరచుగా ఎదురయ్యే సమస్య. నమోదు చేసిన యంత్రం కంటే వినిపించే యంత్రం ఆరు శాతం వేగంగా నడిచినచో పాట దాదాపు అర స్వరం పైకి పోతుంది. బ్యాటరీలు బలహీనపడితే ఇందుకు విరుద్ధంగా జరుగుతుంది. ఘంటసాల గొంతులోని గాంభీర్యం కొంత ఆ టేప్ రికార్డరుదేనని పరిహాసమాడే వారు కూడా ఉండేవారు. క్యాసెట్టు నుండి క్యాసెట్టుకు ఎక్కించిన ప్రతిసారీ బుసబుస శబ్దం పెరిగేది. సి-120 క్యాసెట్లలో టేపు మరీ పలుచన. అది యంత్రంలో చిక్కుకొని నలిగిపోయేది గనుక అనుభవజ్ఞులు దానిని వాడేవారు కాదు.

పని పూర్తయిన తరువాత క్యాసెట్టు వెనుక అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కలను విరిచివేసేవారు. దీనివలన పొరపాటున వేరే పాటలు దానిపై నమోదు కాకుండా ఉంటాయి.

రికార్డింగు సెంటర్లు

సొంతంగా రికార్డులు లేనివారు పట్టణాలలోని రికార్డింగు సెంటర్లను ఆశ్రయించేవారు. పాటల జాబితాను, ఖాళీ క్యాసెట్టును ఇచ్చి వస్తే కొన్ని రోజులకు సిద్ధం చేసేవారు. గంట క్యాసెట్టు నింపడానికి సాధారణంగా గంట పట్టును గనుక ఆలస్యం తప్పేది కాదు. జాబితాలోని పాట దొరకనప్పుడు దుకాణదారు తనకు తోచినది చేర్చడం పరిపాటి. అటువంటి పాటే తరువాత శ్రోతకు అభిమాన గీతమైన సందర్భాలు లేకపోలేదు.

కాపీహక్కులు

ఈ దుకాణాలలో చాలావాటికి రికార్డు కంపెనీల అనుమతి ఉండేది కాదు. భారత కాపీహక్కుల చట్టం (1957) కు 1984లో చేసిన సవరణ ప్రకారం ధ్వని ముద్రణలపై తయారీదారు వివరాలు ముద్రించడం తప్పనిసరి అయింది. సొంత ఉపయోగానికి సముచితంగా వాడుకొనే మినహాయింపును ధ్వని ముద్రణలకు కూడా వర్తింపజేసినది 2012 నాటి సవరణ. అప్పటికి క్యాసెట్ల కాలమే ముగిసింది. ధ్వని ముద్రణపై హక్కు ప్రచురణ తరువాత 60 సంవత్సరాలు ఉంటుంది. సాహిత్యానికి, స్వరరచనకు గల హక్కుల గడువు వేరు.

పాత క్యాసెట్లు

సీడీలు, ఎంపీ3లు రావడంతో 2000 తరువాత ఈ అలవాటు క్రమంగా తగ్గిపోయింది. రేడియో నుండి నమోదు చేసిన క్యాసెట్లకు మాత్రం ప్రత్యేక విలువ ఉంది. వాటిలో మార్కెట్టులోకి రాని లలిత గీతాలు, కచేరీలు ఉండవచ్చును. పాటకు ముందు అనౌన్సరు చెప్పిన రచయిత, సంగీత దర్శకుల పేర్లను కూడా చెరపకుండా ఉంచుకొన్నవారి క్యాసెట్లు మరింత ఉపయోగకరం. పాతబడిన క్యాసెట్టులో తరచుగా ముందు చెడిపోయేది టేపును అదిమి ఉంచే చిన్న మెత్త. ఇది ఊడిపోతే ధ్వని మందగిస్తుంది, టేపు పాడైనదని భ్రమపడి పారవేస్తారు. మరలు బిగించిన పెట్టె అయితే విప్పి, టేపును వేరొక పెట్టెలోనికి మార్చి, ఒక్కసారి వినిపిస్తూనే కంప్యూటరులోనికి ఎక్కించుకోవచ్చును. అతికించిన పెట్టెను జాగ్రత్తగా పగులగొట్టవలసి ఉంటుంది.