ముష్టి గింజ: రేవుల పేర్లు, కొండల గుర్తులు

మన కొండల్లో ముష్టి చెట్టు తెలియనివారు అరుదు. నారింజ రంగు కాయ, లోపల తెల్లని గుజ్జు, అందులో చొక్కా గుండీల్లాంటి బూడిదరంగు గింజలు. ఆ గింజ ప్రాణం తీస్తుందని మన పెద్దలు తరతరాలుగా చెబుతూ వచ్చారు. మేము కూడా హాస్టల్ పిల్లలకు మొదట చెప్పేది అదే.

సామర్లకోటలో ఏళ్ల తరబడి ఉండి మొక్కలను పరిశీలించిన విలియం రాక్స్‌బరో, కోరమండల్ తీరపు మొక్కల మీద వేసిన గ్రంథం తొలి సంపుటంలో (1795) ముష్టినీ, చిల్లచెట్టునూ పక్కపక్కనే చూపించాడు. రెండూ ఒకే కుటుంబం. ఒకదాని గింజ నీటిని తేటపరుస్తుంది, మరొకదాని గింజ చంపుతుంది. ఆ విషానికి పేరు మాత్రం పారిస్‌లో పెట్టారు. పెల్లెటియే, కావెంతూ అనే ఇద్దరు 1818లో ముష్టికి దగ్గరి చుట్టమైన ఫిలిప్పీన్స్ గింజ నుంచి స్ట్రిక్నిన్‌ను, మరుసటి ఏడాది బ్రూసిన్‌ను వేరు చేశారు. మన ముష్టి గింజలో ఈ రెండు ఆల్కలాయిడ్లూ ఉన్నాయి.

ఆ తర్వాత గింజలు ఓడలెక్కాయి. లండన్ వర్తకులు వాటిని బొంబాయి గింజ, కొచ్చిన్ గింజ, మద్రాసు గింజ అని రేవుల పేర్లతో వేరు చేశారు. 1880లలో డన్‌స్టన్, షార్ట్ అనే రసాయనవేత్తలు వాటిని పరీక్షించి చూస్తే, ఏ చోటి గింజలోనూ విషం ఒకే పాళ్లలో లేదు. సింహళం గింజల్లో మిగతావాటికన్నా ఎక్కువ కనిపించింది. చెట్టు ఒకటే, నేల మారితే ఘాటు మారింది. అందుకే 1885 బ్రిటిష్ ఔషధ గ్రంథం ముష్టి సారాన్ని కేవలం తూకంతో సరిపెట్టకుండా, అందులో ఆల్కలాయిడ్లు ఎంత ఉండాలో కట్టడి చేసింది.

ఇక్కడే మనం ఆలోచించాలి. రేవులో ముష్టి చెట్లు కాయవు. ఆ గింజ ఏ కొండది, ఎవరు ఏరారు, ఎవరి బుట్టలో దిగింది అన్నది రేవు పేరు చెప్పదు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ మన సంతల్లో ముష్టి గింజలు కొంటూ వచ్చింది. కానీ కాటాలో పడ్డాక అన్ని కొండల గింజలూ ఒకే కుప్ప.

మన నాటువైద్యుల తీరు వేరు. వారికి చెట్టు తెలుసు, అది నిలిచిన గట్టు తెలుసు. ఒక కొండ గింజకు కుదిరిన మోతాదు ఇంకో కొండ గింజకు కుదరకపోవచ్చు. అందుకే ఆ విద్య ఊరిని అంటిపెట్టుకుని ఉంటుంది. మందు పేరు మాత్రమే మోసుకుపోయి, చోటు గుర్తును వదిలేస్తే ప్రమాదం. ఇది ఇంట్లో ఎవరూ చేసి చూడవలసిన పని కాదు.

2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఫలసాయంపై మనకు యాజమాన్య హక్కు ఇచ్చింది. హక్కు కాగితం మీద ఉంది. ఏ గట్టు చెట్టు ఎలాంటిదన్న ఎరుక మాత్రం పెద్దల నోటనే ఉంది. వారు ఉండగానే చెట్టు పేరుతో పాటు కొండ పేరు, వాగు పేరు, చెప్పినవారి పేరు కూడా మన పిల్లల చేత రాయించుకుందాం. ఈసారి గుర్తుగా రేవు పేరు కాదు, మన ఊరి పేరు నిలవాలి.