మెకానిక్ "హస్తవాసి" వెనక చరిత్ర

డాక్టర్ల గురించి, మెకానిక్‌ల గురించి మనవాళ్ళు తరచు వాడే మాట ఒకటుంది: "ఆయన హస్తవాసి మంచిది". వినడానికి పొగడ్తే. కాని ఇందులో పని తెలిసిన మనిషికి దక్కింది ఎంత? చేతిలో ఏదో మహిమ ఉందన్నాం గాని, తలలో జరిగిన ఆలోచనను లెక్కలోకి తీసుకోలేదు. పాత ట్రాక్టర్ల మరమ్మతు చరిత్రను తీసుకుని ఈ మాట ఎంతవరకు నిలుస్తుందో చూద్దాం.

నేనుండేది ఖర్గపూర్‌లో, ఐఐటి ప్రాంగణం పక్కనున్న ప్రేమ్ బజార్‌లో. ఈ ఊరిని పెంచింది రైలు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ పెద్ద వర్కుషాపు పెట్టింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు పల్లెల నుంచి వేలాదిమంది తెలుగువాళ్ళు ఆ రైల్వేలో పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. 1927లో వర్కుషాపు కార్మికులు సమ్మె చేశారు. తర్వాత రాష్ట్రపతి అయిన వి.వి. గిరి ఆ రోజుల్లో ఈ రైల్వే కార్మికుల నాయకుల్లో ఒకరు. సమ్మెలు చరిత్రకెక్కాయి. అదే కార్మికులు రోజూ షెడ్డుల్లో చేసిన ఆలోచన మాత్రం ఎక్కడా రాసిపెట్టలేదు.

ఆ ఆలోచన ఎలాంటిది? పాత రైళ్ళకు వాక్యూమ్ బ్రేకులు ఉండేవి. గొట్టంలో ఎక్కడైనా చిల్లి పడితే గాలి లోపలికి దూరి బ్రేకులు పట్టేసేవి. అంత పొడుగు రైల్లో చిల్లి ఎక్కడని వెతకాలి? పెట్టెల మధ్య గొట్టం విడదీసి, మూసి, లోపం ఇటుందా అటుందా అని చూడాలి. తేడా ఉన్న వైపును మళ్ళీ విడదీయాలి. ఇలా కారణాలను ఒక్కొక్కటే కొట్టివేస్తూ పోతే చివరికి దోషి దొరుకుతుంది. ప్రయోగశాలలో శాస్త్రవేత్త చేసేదీ ఇదే కదా!

ఇక ట్రాక్టరు సంగతి. మూసి ఉన్న ద్రవం మీద ఒకచోట వేసిన ఒత్తిడి అన్నివైపులా ఒకేలా పాకుతుందని పాస్కల్ వివరించాడు. ఆ గ్రంథం అతను చనిపోయాక 1663లో అచ్చయింది. 1795లో బ్రామా ఆ సూత్రంతో హైడ్రాలిక్ ప్రెస్సుకు పేటెంటు తీసుకున్నాడు. 1926లో హారీ ఫెర్గూసన్ నాగలిని హైడ్రాలిక్స్‌తో అదుపు చేసే పద్ధతికి పేటెంటు పొందాడు. అతని చిన్న ట్రాక్టరు టీఈ-20 ఉత్పత్తి 1946లో మొదలైంది.

మన దేశం కథ ఇంకా ఆసక్తికరం. రైల్వే ఇంజనీరు మన్‌మోహన్ సూరి డీజిల్ రైలింజన్లకు ద్రవం సాయంతో శక్తిని అందించే "సూరి ట్రాన్స్‌మిషన్" కనిపెట్టారు. దుర్గాపూర్‌లోని కేంద్ర మెకానికల్ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థకు ఆయన డైరెక్టరుగా ఉన్నప్పుడు, 1965లో, స్వదేశీ ట్రాక్టరు రూపకల్పన మొదలైంది. 1974లో పంజాబ్‌లో తయారై బయటికొచ్చిన "స్వరాజ్" ఆ కృషి ఫలితమే. రైలు బుర్ర పొలంలోకి దిగిందన్నమాట.

ప్రేమ్ బజార్ దగ్గర పాత పవర్ టిల్లర్లు, ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డు ఒకటుంది. అక్కడి తెలుగు మిస్త్రీ పని నేను చాలాసార్లు దగ్గరుండి చూశాను. డీజిల్ ఇంజన్ స్టార్టు కాకపోతే ఆయన వెంటనే పానా పట్టుకోడు. ముందు ట్యాంకులో డీజిల్ ఉందా, ఫిల్టరు దాటి వస్తోందా చూస్తాడు. తర్వాత పైపులో గాలి పట్టిందేమోనని బోల్టు వదులు చేసి, బుడగలు పోయేదాకా డీజిల్ వదులుతాడు. అప్పటికీ స్టార్టు కాకపోతే నాజిల్. ఆ తర్వాతే కంప్రెషన్. పొగనూ చదువుతాడు. నల్లగా వస్తే గాలి చాలడం లేదు, లేదా డీజిల్ ఎక్కువ పడుతోంది. నీలంగా వస్తే ఇంజన్ ఆయిల్ కాలుతోంది. తెల్లగా వస్తే డీజిల్ కాలకుండానే బయటికి పోతోంది.

హైడ్రాలిక్ లిఫ్టు పరీక్ష నాకు మరీ నచ్చింది. నాగలిని పైకి లేపి ఇంజన్ ఆపేస్తాడు. ఇప్పుడు పంపు తిరగడం లేదు. నాగలి పైన నిలవకుండా త్వరగా దిగిపోతే, పంపులో బలం లేదనుకుని లాభం లేదు. పట్టి ఉంచాల్సిన ఆయిల్ ఎక్కడో జారిపోతోంది. సిలిండరు సీలో, వాల్వో చూడాలి. అసలు లేవడానికే మొరాయిస్తే దారి వేరు: ముందు ఆయిల్ మట్టం, తర్వాత ఫిల్టరు, ఆ తర్వాత పంపు. ఆయిల్ పాలలా తెల్లబడితే అందులో నీళ్ళు కలిశాయి.

గమనించండి. నాజిల్ చెడిందని మిస్త్రీ అనుకున్నాడు, మార్చాడు, ఇంజన్ స్టార్టు కాలేదు. అప్పుడతను ఆ అనుమానాన్ని వదిలేస్తాడు. జ్యోతిష్యుడు ఎప్పుడైనా ఇలా వదిలేశాడా? జాతకం తప్పితే పుట్టిన గడియ తప్పంటాడు.

ఖర్గపూర్ తెలుగువాళ్ళకు యంత్రపూజలు రెండు. సెప్టెంబరులో బెంగాలీ విశ్వకర్మ పూజ, దసరాకు మన ఆయుధపూజ. కుంకుమ బొట్లు, చక్రాల కింద నిమ్మకాయలు. ఆ రోజు మిస్త్రీలకు సెలవు, మిఠాయి దొరుకుతాయి. సంతోషమే, నాకు అభ్యంతరం లేదు. కాని నిమ్మకాయ తొక్కిన ట్రాక్టరుకూ, తొక్కని ట్రాక్టరుకూ డీజిల్ పైపులో గాలి ఒకేలా పడుతుంది. గాలిని తీసింది మనిషి, దండం అందుకున్నది బొమ్మ.

ఇందులో నష్టమేమిటంటారా? రెండు నష్టాలున్నాయి. నైపుణ్యం దైవదత్తమైతే దాన్ని నేర్పడానికి వీలుండదు, మనిషి పోగానే విద్యా పోతుంది. రెండోది ఇంకా పెద్దది. హస్తవాసి పుట్టుకతో వస్తుందంటే, దాని వెనకే కులవిద్య అనే మాట వచ్చి కూచుంటుంది. ఖర్గపూర్ వర్కుషాపు ఆ మాటను ఎప్పుడో అబద్ధం చేసింది. అక్కడ ఇంజన్లు విప్పి బిగించిన తెలుగువాళ్ళలో నాగలి తప్ప యంత్రం ఎరగని ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళున్నారు. వాళ్ళు ఫిట్టర్లుగా పుట్టలేదు. నేర్చుకున్నారు.

శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించడం పౌరుల విధి అని 1976లో రాజ్యాంగంలో చేర్చారు. దాన్ని గోష్ఠుల్లో వల్లిస్తే చాలదు. మీ ఊళ్ళోనూ ఒక పాత మిస్త్రీ ఉంటాడు. ఒక నోటుబుక్కు తీసుకుని వెళ్ళండి. ఏ గుర్తు కనిపిస్తే ఏం అనుమానిస్తాడో, ఏం పరీక్షిస్తాడో, ఎప్పుడు ఆ అనుమానం వదిలేస్తాడో వరసగా రాసుకోండి. పక్కన అతని పేరు కూడా రాయండి.