గడప గడపకూ తిరిగిన లెక్క

చికాగో శివార్లలో ఇల్లు వెతుక్కునే రోజుల్లో, కలిసిన తెలుగువాళ్లందరూ మాకు చెప్పిన మాట ఒకటే: "సౌత్ సైడ్ వైపు మాత్రం చూడకండి." అక్కడ భయం అన్నారు. మేమూ తలూపాం. అక్కడి మనుషులు దేనికి భయపడుతూ బతికారో తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

నగరం దక్షిణపు కొసన, 130వ వీధి దగ్గర, ఆల్ట్‌గెల్డ్ గార్డెన్స్ అని సర్కారు కట్టించిన ఇళ్ల సముదాయం ఉంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఫ్యాక్టరీల్లో పనిచేసిన నల్లజాతి కుటుంబాల కోసం 1945లో కట్టారు. దక్షిణాది రాష్ట్రాల నుంచి నల్లవాళ్లు లక్షల్లో పని వెతుక్కుంటూ ఉత్తరాదికి వలస వచ్చిన కాలమది. పని దొరికింది గానీ, నచ్చిన చోట ఇల్లు దొరకలేదు. 1930ల్లో ఒక ప్రభుత్వ సంస్థే నగరాల మ్యాపులు ముందేసుకుని, నల్లవాళ్లుండే పేటలకు ఎర్రరంగు పూసి, అక్కడి ఇళ్ల మీద అప్పివ్వడం ప్రమాదమని గుర్తు పెట్టింది. ఇక వీళ్ల కోసం సర్కారు ఎంచిన నేల ఎలాంటిదంటే, రైలు పెట్టెలు చేసే పుల్‌మన్ కంపెనీ ఒకప్పుడు తన మురుగు పారబోసిన చోటు. చుట్టూ ఉక్కు మిల్లులు, రసాయనాల ఫ్యాక్టరీలు, మురుగు శుద్ధి కేంద్రం, కొండల్లా పెరిగిన చెత్తదిబ్బలు.

హేజెల్ జాన్సన్ 1962లో ఆ ఇళ్లలో ఒకదానికి కాపురం వచ్చారు. ఏడుగురు పిల్లలు. 1969లో భర్త ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయాడు. తామున్న వైపు క్యాన్సర్ మరీ ఎక్కువని తర్వాతెప్పుడో టీవీలో విన్నారు. విన్నాక ఆవిడ చేసిన పని తలచుకుంటే నాకు ఇప్పటికీ చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. ఎవరో వచ్చి తేలుస్తారని కూర్చోలేదు. గడప గడపా ఎక్కి, ఏ ఇంట్లో ఎవరికి ఏ జబ్బో అడిగి రాసుకున్నారు. ఆవిడ డాక్టరు కాదు, శాస్త్రవేత్త కాదు. ఇరుగు పొరుగు తలుపు తీసి నిజం చెప్పుకోగల మనిషి, అంతే. ఆ రాసుకున్నదాన్ని మ్యాపు మీద పెట్టి చూస్తే, తమ పేట విషపు డోనట్ నడుమ ఉందన్నారు. మన గారె లాగా అనుకోండి: చుట్టూ విషం, నడిమి కన్నంలో మనుషులు.

ఇళ్ల మరమ్మతుల కోసం 1979లో ఆవిడ మొదలుపెట్టిన అద్దెదారుల సంఘం, పీపుల్ ఫర్ కమ్యూనిటీ రికవరీ, ఈ పోరాటానికి దిగింది. పక్క పేటలో జనం తాగే బావి నీళ్లు పాడయ్యాయని తేలితే, నగరం చేత నీటి పైపులు వేయించారు. ఇళ్లలోని ఆస్బెస్టాస్ తీసేయాలని అధికారుల మీదికి వెళ్లారు. ఆ రోజుల్లో అక్కడ తిరిగిన యువ కార్యకర్తల్లో బరాక్ ఒబామా ఒకరు. ఈ మాట అనగానే అందరి కళ్లూ ఆయన వైపే వెళ్తాయి. ఆయన రాకముందే ఆ మెట్లు ఎక్కి దిగిన ఆడవాళ్ల వైపు చూడమంటాను నేను.

1994 ఫిబ్రవరి 11న అధ్యక్షుడు క్లింటన్ ఒక ఉత్తర్వు మీద సంతకం చేశారు. తమ పనుల వల్ల పేదలకు, మైనారిటీ జాతులకు మిగతావాళ్లకంటే ఎక్కువ హాని జరుగుతోందా అని ప్రతి కేంద్ర ప్రభుత్వ శాఖా చూసుకోవాలన్నది దాని సారం. ఆ సంతకం వేళ హేజెల్ జాన్సన్ అక్కడున్నారు. ఆవిడ 2011లో పోయారు. ఉత్తర్వును 2025 జనవరిలో రద్దు చేశారు. సంఘం మాత్రం ఆవిడ కూతురి చేతుల్లో ఇంకా నడుస్తోంది.

నగరానికి పడమటి వైపు, మెక్సికో నుంచి వచ్చిన కుటుంబాలుండే లిటిల్ విలేజ్, పిల్సెన్ పేటల్లో రెండు బొగ్గు కరెంటు కేంద్రాలుండేవి. ఒకటి 1903 నాటిది, ఇంకొకటి 1924 నాటిది. వాటి పొగవల్ల ఏటా 40 మందికి పైగా అకాలంగా చనిపోతున్నారని హార్వర్డ్ పరిశోధకులు అంచనా కట్టారు. పేటవాళ్లు ఆ అంకెను వదలకుండా పట్టుకుని పదేళ్లకు పైగా పోరాడితే, 2012లో రెండూ మూతపడ్డాయి. అయినా 2020 ఏప్రిల్‌లో, కోవిడ్ భయంతో జనం తలుపులు వేసుకుని కూర్చున్న రోజుల్లో, లిటిల్ విలేజ్‌లోని పాత పొగగొట్టాన్ని పేల్చి కూల్చారు. గోదాము కట్టడానికి. ఆ ధూళి అంతా ఇళ్ల మీద పరుచుకుంది.

ఆ కూల్చివేత వీడియో చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను పెరిగింది తెలంగాణలో ఒక థర్మల్ కేంద్రం పక్కనున్న ఊళ్లో. ఉతికి ఆరేసిన తెల్ల చొక్కా సాయంత్రానికి మబ్బు రంగుకు తిరిగేది. అమ్మ దులిపి మడతపెట్టేది. మా వాడలో దగ్గుతో ఎంతమంది మంచం పట్టారో మేమెప్పుడూ లెక్క పెట్టుకోలేదు.

మొన్న ఫోన్‌లో అమ్మను అడిగాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మూలమీది పెద్దమ్మోళ్ల ఇంటికెల్లి చెప్త, రాస్కో బిడ్డా" అన్నది.