సానుభూతి ఎవరిపట్ల?

2019 మార్చి 15, శుక్రవారం. న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో రెండు మసీదులకు ప్రార్థనకు వచ్చినవారిపై ఒక దుండగుడు కాల్పులు జరిపాడు. 51 మంది చనిపోయారు. వారిలో మన హైదరాబాదువారూ ఉన్నారు.

దేశాధినేతల సంతాప సందేశాలు వెంటనే వెల్లువెత్తాయి. ఇలాంటప్పుడు వాడే మాటలు దాదాపు ఒకేలా ఉంటాయి. అది తప్పని మేమనం. అయితే ఎవరికి గాయమైందో ఆ మాటల్లో కనిపించాలి కదా! పోప్ ఫ్రాన్సిస్ తన సందేశంలో ముస్లిం సమాజాన్ని ప్రత్యేకంగా ప్రస్తావించారు. ఏ సాయం కావాలని అమెరికా అధ్యక్షుడు ట్రంప్ ఫోనులో అడిగితే, ముస్లిం సమాజాలన్నిటిపట్ల సానుభూతి, ప్రేమ చూపమన్నారు ప్రధాని జసిండా ఆర్డెర్న్. టర్కీ అధ్యక్షుడు ఎర్డోగాన్ మాత్రం హంతకుడి వీడియోలోని దృశ్యాలను ఎన్నికల సభల్లో చూపించారు. పరాయివారి కన్నీళ్లతో ఓట్లు అడగడం మాకు మింగుడుపడలేదు.

యోబు స్నేహితులు ఏడు దినాలు అతనితోపాటు నేలమీద మౌనంగా కూర్చున్నారు. నోరు తెరిచాకే చిక్కు మొదలైంది.

ఆర్డెర్న్ తలపై వస్త్రం కప్పుకొని బాధిత కుటుంబాల దగ్గరికి వెళ్లారు. హంతకుడి పేరు ఎన్నడూ పలకనని పార్లమెంటులో చెప్పారు. మరి మన సంఘాల్లో, మసీదులో చనిపోయినవారి ఇళ్లకోసం ఆ ఆదివారం ఎందరం మోకరించాం?