గ్రాఫీన్ నేరు పెంపకం

లోహపు రేకు అవసరం లేకుండా సిలికాన్, గాజు, సిలికాన్ కార్బైడ్, జెర్మేనియం వంటి ఉపరితలాలపైనే గ్రాఫీన్ నానో నిర్మాణాలను పెంచే విధానం. గ్రాఫీన్ అంటే ఒకే పరమాణువు మందం, అంటే సుమారు 0.34 నానోమీటర్లు, గల కర్బన పొర. దానిపై ప్రయోగాలకు ఆంద్రే గైమ్, కాన్‌స్టాంటిన్ నోవొసెలోవ్‌లు 2010లో భౌతికశాస్త్ర నోబెల్ అందుకున్నారు.

అవసరం: సాధారణంగా రాగి రేకుపై దాదాపు 1000 డిగ్రీల సెల్సియస్ వద్ద మీథేన్‌ను విడగొట్టి గ్రాఫీన్ పెంచుతారు. తర్వాత ఆ పొరను పరికరంపైకి మార్చేటప్పుడు అది చిరుగుతుంది, ముడతలు పడుతుంది, మలినాలు అంటుకుంటాయి. నేరుగా పెంచితే ఈ మార్పిడి తప్పుతుంది.

పద్ధతులు: సిలికాన్ కార్బైడ్‌ను బాగా వేడిచేస్తే ఉపరితలంలోని సిలికాన్ ఆవిరై, మిగిలిన కర్బనం గ్రాఫీన్‌గా అమరుతుంది. ప్లాస్మా సాయంతో సిలికాన్, గాజుపై నిలువు గ్రాఫీన్ గోడలు లేస్తాయి. 2015లో విస్కాన్సిన్-మాడిసన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు జెర్మేనియంపై 10 నానోమీటర్లకన్నా సన్నని గ్రాఫీన్ పట్టీలు పెంచారు. అంత సన్నని పట్టీ అర్ధవాహకంలా పనిచేస్తుంది.

పరిమితులు: మీథేన్‌ను విడగొట్టడంలో రాగి చేసే ఉత్ప్రేరక సాయం గాజు చేయలేదు. అందుకే గాజుపై పెరుగుదల నెమ్మది, స్ఫటికాలు చిన్నవి, లోపాలు ఎక్కువ.

తార్నాక: ఈ రంగానికి ఆధారమైన రసాయన, ఉత్ప్రేరక శాస్త్రాలకు హైదరాబాద్‌లో పాత కేంద్రం తార్నాక ప్రాంతం. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయపు ప్రాంగణం, భారత రసాయన సాంకేతిక సంస్థ ఇక్కడ ఇరుగుపొరుగున ఉన్నాయి. 1944లో హైదరాబాద్ సంస్థానపు ప్రయోగశాలగా మొదలైన ఈ రసాయన సాంకేతిక సంస్థ 1956లో శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి (సీఎస్ఐఆర్)లో చేరింది. ఇప్పటి పేరు 1989లో వచ్చింది.