డీన్ స్విఫ్ట్ – ఆయన కుటుంబము

గలివర్ కథ వినని విద్యార్థి మన పాఠశాలలో ఉండడు. ఆ కథను 1726లో వెలువరించిన జోనథన్ స్విఫ్ట్, డబ్లిన్ నగరంలోని సెయింట్ పాట్రిక్స్ కెథీడ్రల్‌కు 1713 నుండి జీవితాంతం డీన్‌గా, అనగా ప్రధాన మతాచార్యుడుగా, ఉన్నాడని ఎరిగినవారు తక్కువ.

స్విఫ్ట్ పితామహుడు ఇంగ్లండులో చర్చి ఆచార్యుడు. అంతర్యుద్ధంలో రాజపక్షం వహించి ఆస్తి పోగొట్టుకొన్నాడు. కుమారులు బ్రతుకుతెరువుకై ఐర్లండు చేరారు. వారిలో ఒకడు, తనకు కుమారుడు కలుగబోతున్న తరుణంలో, 1667లో మరణించాడు. ఆ ఏడాది నవంబరు 30న పుట్టిన శిశువుకు తండ్రి పేరే పెట్టారు.

ఏడాది పసివానిని దాది ఎవరికీ చెప్పకుండా ఇంగ్లండులోని తన ఊరు వైట్‌హేవెన్‌కు తీసుకొనిపోయింది. బిడ్డను వెంటనే మరల సముద్రం దాటించవద్దని తల్లి అబిగెయిల్ కబురు పంపగా, దాదాపు మూడేండ్లు అక్కడే పెరిగాడు. అప్పటికే బైబిలులో ఏ అధ్యాయమైనా చదువగలిగేవాడినని ఆయనే వ్రాసుకొన్నాడు. దాది పేరు మాత్రం వ్రాయలేదు. తొలి గురువుకు పేరైనా మిగులకపోవడం ఉపాధ్యాయురాలినైన నాకు బాధ కలిగిస్తుంది.

తరువాత కిల్కెన్నీ పాఠశాలలో, డబ్లిన్ ట్రినిటీ కళాశాలలో చదువు చెప్పించినది పెదతండ్రి గాడ్విన్. ఆ ఉపకారాన్ని స్విఫ్ట్ ప్రీతితో తలచుకోలేదు. మనస్సులో తాను ఆంగ్లేయుడు, ఉద్యోగమేమో ఐర్లండులో. తరాల క్రితం వలసవచ్చిన మన కుటుంబాలకు ఈ స్థితి క్రొత్త కాదు. అయినను 1724లో నాసిరకపు రాగినాణేలను ఐర్లండుపై రుద్దబోగా, వస్త్రవ్యాపారి పేరు పెట్టుకొని లేఖలు వ్రాసి ఎదిరించాడు. వ్రాసినవానిని పట్టిస్తే 300 పౌండ్లు ఇస్తామని ప్రభుత్వం చాటింది. అది ఎవరో ఊరంతా ఎరుగును, ఒక్కరూ పట్టించలేదు. మరుసటి ఏడాది ఆ నాణేల ప్రయత్నం విరమించబడింది.

ఆయనకు సంతానం లేదు. చిన్ననాట తాను చదువు చెప్పిన ఎస్తర్ జాన్సన్, ఆయన పెట్టిన పేరుతో స్టెల్లా, జీవితకాల మిత్రురాలు. రహస్యంగా వివాహమాడారన్న మాట ఋజువు కాలేదు. 1728 జనవరిలో ఆమె మరణించగా, అంత్యక్రియలకు వెళ్ళలేనంత అస్వస్థతలో ఉన్నాడు. చర్చిలోని దీపకాంతి తన కిటికీలో కనబడుతున్నదని ఆ రాత్రి వేరొక గదికి మారాడు.

చుట్టుప్రక్కల బీద పనివారికి 500 పౌండ్ల నిధి నుండి చిన్న మొత్తాలు అప్పిచ్చి, వారంవారం కొంచెంగా తీర్చుకొనే వీలు కల్పించాడు. 1745 అక్టోబరు 19న మరణించిన ఆయనను కెథీడ్రల్‌లో స్టెల్లా సమాధి చెంతనే ఉంచారు. ఆయన ఆస్తితో మానసిక రోగులకై నిర్మించిన ఆసుపత్రి 1757లో తలుపులు తెరచింది.