శామీర్‌పేట టీకా వెనక దూడ జన్యువు: రోటా వైరస్ వంశావళి

పసిపిల్లలకు వాంతులు, నీళ్ల విరేచనాలు తెచ్చే వైరస్‌లలో పెద్దది రోటా వైరస్. నోరోవైరస్, ఆస్ట్రోవైరస్, 40, 41 రకాల అడినోవైరస్‌లు కూడా ఈ జబ్బు తెస్తాయి. అయితే ఒంట్లో నీరంతా పోయి, బిడ్డను ఆసుపత్రిలో చేర్చాల్సిన స్థితి ఎక్కువగా రోటా వల్లే వస్తుంది. 1973లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో రూత్ బిషప్ బృందం దీన్ని కనిపెట్టింది. జబ్బుపడిన పిల్లల చిన్నపేగు నుంచి తీసిన ముక్కల్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూసినప్పుడు పేగు కణాల్లో ఈ వైరస్ కనబడింది. చక్రంలా ఉండటంతో బ్రిటన్‌కు చెందిన థామస్ ఫ్లూయెట్ ‘రోటా’ అనే పేరు సూచించారు.

రోటా వైరస్ జన్యుపదార్థం ఒకే పోగుగా ఉండదు. రెండు పేటల ఆర్‌ఎన్‌ఏ 11 విడి ముక్కలుగా ఉంటుంది. దీని వర్గీకరణ కథంతా ఈ ముక్కల మీదే నడిచింది. మొదట్లో వాటిని జెల్ మీద పరిగెత్తించి, ఏర్పడిన 11 చారల వరసను బట్టి రకాలు విడదీసేవారు. ఆ తర్వాత ప్రతిరక్షకాలతో చేసే పరీక్షలు వచ్చాయి. 1990ల నుంచి పీసీఆర్, జన్యుక్రమ పఠనం వాటి స్థానం తీసుకున్నాయి. వైరస్ పైపొరలో రెండు ప్రోటీన్లుంటాయి. వీపీ7ను బట్టి ‘జి’ రకం, వీపీ4ను బట్టి ‘పి’ రకం నిర్ణయిస్తారు. మనుషులకు ఇంటిపేరు, సొంతపేరు ఉన్నట్టే ప్రతి రోటాకూ ఇలా జంటపేరు ఉంటుంది: జి1పి[8], జి2పి[4]. పి పక్కన చదరపు బ్రాకెట్లో ఉండే అంకె జన్యుక్రమాన్ని బట్టి ఇచ్చినది. 2008లో మొత్తం 11 జన్యువులకూ రకాలు కట్టే పద్ధతి వచ్చింది. మనుషుల్లో తిరిగే రోటాల్లో చాలావరకు డబ్ల్యూఏ, డీఎస్-1 అనే రెండు పెద్ద కుదుళ్లకు చెందినవని దాంతో స్పష్టమైంది.

ముక్కలు విడివిడిగా ఉండటంవల్ల ఇంకొక సంగతి జరుగుతుంది. ఒకే కణంలోకి రెండు వైరస్‌లు చొరబడితే, పుట్టే సంతతిలో రెండింటి ముక్కలూ కలగలిసిపోవచ్చు. పశువుల రోటా, మనిషి రోటా కూడా ఇలా కలుస్తాయి. భారతీయ టీకా పుట్టుక ఈ కలయికలోనే ఉంది.

1985-86లో ఢిల్లీ ఎయిమ్స్‌లో అప్పుడే పుట్టిన శిశువులకు ఒక రోటా సోకింది. చిత్రంగా, వారికి విరేచనాలు కాలేదు. పైగా, అది సోకిన పిల్లలకు ఆ తర్వాత రోటా జబ్బు తగ్గిందని ఎం.కె. భాన్ బృందం గుర్తించింది. 116ఇ అని పేరు పెట్టిన ఆ వైరస్ రకం జి9పి[11]. జన్యువుల్ని పోల్చి చూస్తే దాని వీపీ4 ఆవుల రోటా నుంచి వచ్చిందనీ, మిగిలినవి మానవ రోటావనీ తేలింది. బెంగళూరులో సి. దుర్గారావు బృందం అధ్యయనం చేసిన ఐ321 దీనికి తిరగేసిన జాతకం: అది జి10పి[11], దాని జన్యువుల్లో అత్యధికం పశువులవి. రెండూ నవజాత శిశువుల్లో చడీచప్పుడు లేకుండా తిరిగినవే, రెండింటిలోనూ పి[11] ఉంది. పి[11] వైరస్ అతుక్కునే చక్కెర గొలుసులు నవజాత శిశువుల పేగులో ఎక్కువగా ఉంటాయని తర్వాతి పరిశోధనలు చూపించాయి.

ఈ రెండు వైరస్‌లూ టీకా అభ్యర్థులుగా హైదరాబాద్ ఉత్తరాన శామీర్‌పేట దగ్గరి తుర్కపల్లి, జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్‌కు చేరాయి. అప్పట్లో అది రంగారెడ్డి జిల్లా. 2016 నుంచి మేడ్చల్-మల్కాజ్‌గిరి. శిశువుల్లో పోల్చి చూసినప్పుడు 116ఇ బాగా రోగనిరోధక స్పందన తెచ్చింది, ఐ321 వెనకబడింది. అలా 116ఇ ‘రోటావాక్’ అయింది. ఢిల్లీ, పుణే, వెల్లూరులలో 6,799 మంది శిశువులపై జరిగిన మూడో దశ ప్రయోగంలో, తీవ్రమైన రోటా విరేచనాల నుంచి మొదటి ఏడాదిలో 56.4 శాతం రక్షణ దొరికింది. టీకా జి9 అయినా, జి1, జి2 వంటి వేరే రకాల మీదా అది పనిచేసింది. రకం పేరొక్కటే రక్షణను తేల్చదని ఈ ఫలితం గట్టిగా చెబుతుంది.

2015 మార్చిలో టీకా విడుదలైంది. 2016లో ఆంధ్రప్రదేశ్, ఒడిశా, హర్యానా, హిమాచల్ ప్రదేశ్‌లలో ప్రభుత్వ టీకాల కార్యక్రమంలో మొదలైన రోటా చుక్కలు 2019లో దేశమంతటికీ విస్తరించాయి. 2018 జనవరిలో రోటావాక్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందస్తు అర్హత లభించింది.

ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఈ చుక్కలు 6, 10, 14 వారాల వయసులో ఉచితంగా వేస్తారు. మొదటి డోసు ఏడాది నిండేలోపే పడాలి. రక్షణ సగానికి కొంచెం పైన మాత్రమే కాబట్టి, టీకా వేయించిన బిడ్డకు విరేచనాలు పట్టుకున్నా ఓఆర్‌ఎస్, జింకు, తల్లిపాలు మానకూడదు.